మేడమీది పచ్చదీపం

"చూశావా, పైవాళ్ళ బిల్లు మన బిల్లులో సగం కూడా లేదు!"

ఆ మాట అంటున్నప్పుడు భర్త చేతిలో రెండు కరెంటు బిల్లులున్నాయి. పెద్దకోడలి చేతిలో మరిది తడిచొక్కా ఉంది. దాన్ని గట్టిగా ఒక విదిలింపు విదిలించి డాబా తీగ మీద వేసి, భుజాల దగ్గర క్లిప్పులు పెట్టింది. బుట్టలో ఇంకా తోటికోడలి దుప్పట్లున్నాయి. కింద వాషింగ్ మెషిన్ రెండో విడత తిరుగుతోంది. అది ఆగేలోగా తీగ మీద చోటు చేసుకోవాలి. అత్తగారి స్నానానికి హీటరు వేయాలి. ఆవిడ నడుముకి వేణ్ణీళ్ళు పడకపోతే ఆ పూటంతా ఇల్లు మూలుగుతుంది.

"ఏమిటి, ఉలుకూ పలుకూ లేదు?"

"వింటున్నాను."

"వినడం కాదు, చూసి నేర్చుకో. ఆ అమ్మాయికి తెలివుంది. ఒక చిన్న డబ్బా తెచ్చి ప్లగ్గులో పెట్టింది, బిల్లు సగానికి సగం కోసేసింది. నువ్వూ ఉన్నావు. పొద్దస్తమానం ఆ కుట్టుమిషను గరగరలాడిస్తూ కూర్చుంటావు. ఇంకో రెండు నెలలు చూస్తాను. బిల్లు దిగిరాకపోతే దాన్ని అమ్మేద్దాం. నీకూ విశ్రాంతిగా ఉంటుంది."

ఆయన చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె వెనకగదిలో కిటికీ పక్కన ఉండే ఆ మిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. దానికి చిన్న మోటారు బిగించి ఉంది, మోకాళ్ళు పట్టేశాక తొక్కలేక పెట్టించుకుంది. కొలతలు, గుండీలు, జేబులు, రావలసిన డబ్బులు అన్నీ ఆమెవే. ఆ ఇంట్లో ఆమెను అడగకుండా ఎవరూ తలుపు తీయని గది ఏదైనా ఉంటే అదొక్కటే. దాన్ని ఎవరూ ఉద్యోగం అనరు. భర్త కాలక్షేపం అంటాడు, అత్తగారు గోల అంటుంది. అమ్మేద్దాం అనే మాటే ఒక దెబ్బ. కానీ ఉన్న మాట చెప్పుకోవాలంటే, ఆ క్షణాన ఆమె కడుపు మండింది మిషను గురించి కాదు. "ఆ అమ్మాయికి తెలివుంది." పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ముక్క తన గురించి ఆ నోటినుంచి ఎప్పుడైనా ఊడిపడిందా అని వెతుక్కుంది. ఫర్వాలేదు అన్నాడు, సర్లే అన్నాడు, ఒకసారి జ్వరంలో ఉన్నప్పుడు పాపం అన్నాడు. అంతకుమించి ఏమీ దొరకలేదు. దుప్పటి నీళ్ళు పిండుతుంటే ఎవరి మెడ పిండుతున్నానో అనిపించి ఆమెకే నవ్వొచ్చింది. వెంటనే కళ్ళు కూడా చెమర్చాయి.

ఆ ఇంటికి రెండు వాటాలు. కింద పెద్దకొడుకు, పెద్దకోడలు, అత్తగారు. మేడమీద చిన్నకొడుకు, చిన్నకోడలు. పైవాళ్ళిద్దరికీ ఉద్యోగాలు. పొద్దున్నే బండెక్కితే సాయంత్రానికి గానీ రారు. మొదట్లో అందరికీ కలిపి ఒకే మీటరు ఉండేది. ఎవరి ఖర్చు వాళ్ళకి తెలియాలని అన్నదమ్ములు కూర్చుని మాట్లాడుకుని మేడకు వేరే మీటరు పెట్టించారు. అది గోడెక్కిన వారంలోనే చిన్నకోడలు ఆ డబ్బా కొనుక్కొచ్చింది. ఆఫీసులో ఎవరో చెప్పారట. సబ్బుపెట్టెంత ఉంటుంది, తెల్లగా, ముందువైపు చిన్న పచ్చదీపంతో. ప్లగ్గులో గుచ్చి మరిచిపోతే చాలట, మీటరు పరుగును అదే తగ్గిస్తుందట. మొదటి నెల బిల్లు రాగానే అందరూ నోరు వెళ్ళబెట్టారు. డబ్బా లేని రోజుల్లో మేడ బిల్లు ఎంతొచ్చేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు, ఎందుకంటే డబ్బా లేని రోజులే ఆ మీటరు చూడలేదు. ఈ సంగతి ఇంట్లో ఒక్కరి బుర్రకీ తట్టలేదు. పెద్దకోడలికీ తట్టలేదు. ఆమె బుర్రనిండా అప్పటికి ఆ పచ్చదీపమే ఉంది.

మనుషుల మీద ఏడవడం ఆమెకి కొత్త కాదు. తోటికోడలు కాపురానికి వచ్చిన రోజునుంచీ లోపల ఏదో ఒక మూల సన్నటి సెగ ఉంటూనే ఉంది. ఆ పిల్ల చదువు, ఆ పిల్ల జీతం, మంచినీళ్ళ గ్లాసు చేతికందిస్తే మామూలుగా థాంక్స్ చెప్పి తీసుకునే ఆ తీరు. పోనీ గయ్యాళిదయితే తిట్టుకుని ఊరుకోవచ్చు, అదీ కాదు. ఎదురుపడితే "అక్కా" అని చేయి పట్టుకుంటుంది. "మీ చేతిలో పడితే బట్టలకి కళొస్తుందక్కా, మా మెషిన్ ఎందుకో సరిగా పిండదు," అంటూ పొద్దున్నే మెట్ల కింద బట్టలబుట్ట పెట్టి వెళుతుంది. పైన వాళ్ళ మెషిన్ కొన్నప్పటి కవరు కూడా విప్పకుండా కొత్తపెళ్ళికూతురిలా ముసుగేసుకుని కూర్చునుంది. "మీరు రుబ్బినంత మెత్తగా నాకు రాదక్కా," అని మిక్సీ పని కిందికి వస్తుంది. "ఇస్త్రీ ఎలాగూ పెడుతున్నారుగా, ఈ రెండు చొక్కాలూ..." అని ఇస్త్రీ వస్తుంది. మెచ్చుకోలు ముందు దిగుతుంది, వెనకాలే పని దిగుతుంది. కాదనడానికి నోరు రాదు.

కానీ ఒక ప్లాస్టిక్ డబ్బా మీద ఏడుస్తానని మాత్రం ఆమె ఎన్నడూ అనుకోలేదు. అది తినదు, తిరగదు, ఒక గిన్నె కడగదు. మూల కూర్చుని పచ్చగా ఒక కన్ను తెరిచి ఉంచుతుంది, అంతే. అత్తగారు దాన్ని చూడటానికి నడుం నొప్పి మరిచిపోయి మెట్లెక్కింది. "ఎంత బుద్ధిమంతురాలే!" అని ఆవిడ అన్నది చిన్నకోడల్నో డబ్బానో తెలియలేదు. ఎవరైనా వస్తే భర్త సొంతంగా కనిపెట్టినవాడిలా వాళ్ళని మేడమీదికి తీసుకెళ్ళి చూపించాడు. ఇంటిల్లిపాదీ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. పొద్దున కళ్ళు తెరిచిందగ్గర్నుంచి పడక చేరేదాకా నడుం వాల్చని మనిషిని ఏనాడైనా ఎవరైనా ఇలా నిలబడి చూశారా? ఒక పని చేయకుండా ఇంత మెప్పు ఎలా వస్తుందో అడిగి తెలుసుకోవాలనిపించేది ఆమెకి, దానికి నోరుంటే.

మేడ తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంటుంది. పగలు పైకి వెళ్ళి ఊడ్చి, ఆరిన బట్టలు మడతపెట్టి రావడం ఆమె పనే కదా. బిల్లు వచ్చిన మర్నాడు ఊడుస్తూ ఊడుస్తూ టీవీ బల్ల దగ్గర ఆగింది. బల్ల వెనక గోడకి ఆ పచ్చకన్ను ఆమెనే చూస్తోంది. చీపురు కింద పెట్టింది. చుట్టూ చూసింది, పైన ఎవరూ లేరని తెలిసి కూడా. డబ్బాని పట్టుకుని లాగితే సులువుగా ఊడి చేతిలోకి వచ్చింది. ఎంత తేలికో! లోపల ఏమైనా ఉందా అని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. ఖాళీ ప్లగ్గు కనిపిస్తే పట్టుబడిపోతానని, కిందికెళ్ళి పాత దోమలమందు మిషను పట్టుకొచ్చింది. మందు ఎప్పుడో అయిపోయింది గానీ దాని పచ్చదీపం ఇంకా బాగానే వెలుగుతుంది. దాన్ని అక్కడ గుచ్చి, అసలు డబ్బాని కొంగులో దాచుకుని దిగి, వంటింట్లో పిండిడబ్బా వెనక ఉన్న ప్లగ్గులో పెట్టింది. ఆ పూటంతా మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా వెళ్ళి పిండిడబ్బాకి అడ్డంగా నిలబడింది. కానీ ఆ భయం వెనక ఒక తీపి కూడా ఉంది. ఈసారి తెలివి మన ఇంట్లో ఉంది, వచ్చే నెల చూద్దాం ఎవరి బిల్లు దిగుతుందో!

ఆ నెలంతా ఆమె డబ్బాని చంటిబిడ్డలా చూసుకుంది. పిండి తీసేటప్పుడల్లా తొంగిచూసి దీపం వెలుగుతోందని నిశ్చింతపడేది. వెలగడానికేం, బ్రహ్మాండంగా వెలిగింది. నెల తిరిగి బిల్లులొచ్చాయి. కిందిది ఎప్పటిలాగే ఎత్తుగా ఉంది. పైది ఎప్పటిలాగే కుక్కిన పేనులా ఉంది.

భోజనాల దగ్గర మరిది తన బిల్లు గాలిలో ఊపుతూ, "వదినా, చూశారా! మా డబ్బా మళ్ళీ కొట్టింది," అన్నాడు.

"దాని పని అది నమ్మకంగా చేసుకుపోతుందండీ, మనం పట్టించుకోకపోయినా," అంది చిన్నకోడలు మురిపెంగా. "పొద్దున కూడా చూశాను, దీపం భలే వెలుగుతోంది."

"అదీ పద్ధతంటే," అన్నాడు భర్త, పెద్దకోడలి వైపే చూస్తూ.

పెద్దకోడలు గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది. వాళ్ళు మెచ్చుకుంటున్నది దోమలమందు మిషనుని. అసలైన డబ్బా అక్కడికి నాలుగడుగుల దూరంలో పిండిడబ్బా వెనక ఉత్తినే వెలుగుతోంది. లేనిదానికి కూడా మెప్పు దక్కుతోంది, ఎదురుగా నిలబడి వడ్డిస్తున్నదానికి దక్కడం లేదు. ఇదంతా మోసంరా బాబూ అని అరవాలని గొంతుదాకా వచ్చింది. అరిస్తే, నీకెలా తెలుసని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా మాట మింగేసి అందరికీ మారు వడ్డించింది. డబ్బా ఉత్తదే అయితే మరి పైవాళ్ళ బిల్లు ఎందుకు తక్కువొస్తోందని అప్పుడే తనని తాను అడగవలసింది. అడగలేదు. అసూయకి లెక్కలు రావు. ఆ పిల్ల జాతకమే అంత, ఏది ముట్టుకున్నా కలిసొస్తుంది అనుకుని ఇంకాస్త కుళ్ళుకుంది.

ఆ వారమే ఆమె తల్లికి కంటి ఆపరేషన్ అన్నారు. చూసుకోవడానికి ఎవరూ లేరు. "వెళ్ళిరా," అన్నాడు భర్త, తన భోజనం సంగతి కాసేపు ఆలోచించాక. పెద్దకోడలు పుట్టింట్లో ఆ నెల చాలామటుకు ఉండిపోయింది. తల్లికి చుక్కలమందు వేయడం, అన్నం కలిపి పెట్టడం, పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం. ఇంతేనా పని అనిపించేది. మధ్యాహ్నం పూట చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఇంటినుంచి ఫోన్లు వస్తుండేవి. సబ్బుపొడి ఎక్కడుందని భర్త. ఇస్త్రీపెట్టె ఎందుకు వేడెక్కడం లేదని మరిది, స్విచ్చి వేయకుండానే. చిన్నకోడలు రోజూ చేసేది. "అక్కా, అత్తయ్యగారు మకాం పైకి మార్చేశారు. కిందైతే వేణ్ణీళ్ళు పెట్టేవాళ్ళు లేరట. బావగారి భోజనం కూడా ఇక్కడే. మెషిన్ కవరు విప్పేశామక్కా, ఆగకుండా తిరుగుతూనే ఉంది. ఇస్త్రీకని పొద్దున్నే లేస్తే ఆఫీసులో కునుకొస్తోంది. ఎప్పుడొస్తారక్కా?" ఆ గొంతులో అలసట వింటుంటే పెద్దకోడలికి లోపలెక్కడో చల్లగా ఉండేది. అలా ఉన్నందుకు కొంచెం సిగ్గూ వేసేది. అయినా ఫోన్ పెట్టేశాక ఆ మాటలు మరోసారి నెమరేసుకునేది.

తిరిగొచ్చిన మర్నాడే బిల్లులొచ్చాయి. చెప్పులు విప్పకుండానే భర్త ఇంటిల్లిపాదినీ హాల్లోకి పిలిచాడు. ఆ మొహంలో గెలుపు ఉంది.

"చూడండి. కింద సగానికి పైగా తగ్గిపోయింది. ఎందుకంటే తను లేదు, కుట్టుమిషను ఆగింది. నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. ఇక ఆ మిషను ఈ ఇంట్లో అక్కర్లేదు. కొనేవాణ్ణి కూడా చూసేశాను, ఆదివారం వస్తాడు."

ఆదివారం అంటే ఎల్లుండి.

"మీది సరే బావగారూ, మా సంగతి చూడండి," అంది చిన్నకోడలు బిక్కమొహంతో. "మాకు రెట్టింపు దాటింది. ఇదేమిటా అని డబ్బా పీకి చూశాను. అది మా డబ్బానే కాదు! దోమలమందు మిషను!" అంటూ అరచేయి చాపి చూపించింది. "ఎవరో మార్చేశారు. డబ్బా పోయింది కాబట్టే బిల్లు ఇలా పేలిపోయింది."

"చూశారా దాని మహత్యం!" అంది అత్తగారు. "అది కదలగానే మీటరు పగ్గం తెంచుకుంది. దాన్ని ముట్టుకున్న చేతులు ఎవరివో గానీ..."

అందరి చూపులూ దోమలమందు మిషను మీద ఉన్నాయి. పెద్దకోడలి చూపు మాత్రం బల్ల మీది రెండు బిల్లుల మీద ఉంది. కింద తగ్గింది, పైన పెరిగింది. వాళ్ళ మెషిన్ ముసుగు తీసుకుంది. వాళ్ళ మిక్సీ తిరిగింది, వాళ్ళ ఇస్త్రీపెట్టె వేడెక్కింది, అత్తగారి వేణ్ణీళ్ళూ, పగలంతా ఆవిడ పెట్టుకునే టీవీ మోతా మెట్లెక్కి పైకి పోయాయి. ఇక్కణ్ణుంచి పోయిందంతా అక్కడ తేలింది. ఇన్నాళ్ళూ మేడమీటరు తక్కువ తిరిగింది ఎవరో డబ్బా పెట్టినందుకు కాదు, ఆ మేడ పనంతా కింద తన చేతుల్లో, తన మీటరు మీద జరిగినందుకు. తను ఇంతకాలం కళ్ళలో నిప్పులు పోసుకుని కుళ్ళుకున్నది తన చాకిరీని చూసే. ఆ సంగతి అర్థం కాగానే ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళంతా తేలికైపోయింది. కానీ చెప్పడం ఎలా? డబ్బా పోయింది కాబట్టి పెరిగిందనే మాట అడ్డంగా నిలబడి ఉంది. దాన్ని తోసేయగల సాక్ష్యం ఒక్కటే ఉంది, పిండిడబ్బా వెనక. అది బయటపెడితే తను దొంగ. పెట్టకపోతే ఆదివారం మిషను పోతుంది.

వంటింట్లోకి వెళ్ళింది. వచ్చి ఆ డబ్బాని బల్ల మీద రెండు బిల్లుల మధ్య పెట్టింది.

"నేనే తీశాను."

అత్తగారు బుగ్గన చేయి పెట్టుకుంది. "నువ్వా! ఏం పోయేకాలం? తోటికోడలి ఇంట్లో దొంగతనమా!"

"దొంగతనమే అత్తయ్యా. కుళ్ళుబోతుతనం కూడా. దీన్ని మెచ్చుకుంటుంటే ఓర్చుకోలేకపోయాను."

భర్త మొహం కందగడ్డయింది. "పరువు తీశావు! తీసింది చాలక దర్జాగా చెప్పుకోవడం ఒకటి!"

"ఎప్పుడు తీశానో అడగరేం?" ఆమె పైవాళ్ళ బిల్లు మీద వేలు పెట్టింది. "ఈ నెల కాదు, పోయిన నెల. మీ బిల్లు తక్కువొచ్చిందని భోజనాల దగ్గర అందరూ పొగిడారే, ఆ నెలంతా ఇది మన వంటింట్లోనే ఉంది. పైన ఉన్నది దోమలమందు మిషను. పోయిన నెలా పైన ఇది లేదు, ఈ నెలా లేదు. పోయిన నెల ఉండి ఈ నెల లేనిది ఏమిటో మీరే చెప్పండి."

మరిది రెండు బిల్లులూ చేతిలోకి తీసుకుని ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ చూశాడు. భర్త ఏదో అనబోయి, "అయితే ఆ కుట్టుమిషను..." అని ఆగాడు.

"కుట్టుమిషను ఆగితే కింద తగ్గాలి. పైన ఎందుకు పెరగాలి?" అంది ఆమె.

చిన్నకోడలు తలెత్తింది. మొహం ఎర్రబడింది. ఆ పిల్లకి నిజంగానే తెలివుంది, అందరికంటే ముందు ఆమెకే అర్థమైంది. "అక్కా..." అంది. ఈసారి దాని వెనక ఏ పనీ దిగిరాలేదు.

మర్నాడు పొద్దున తోటికోడలు అలవాటు చొప్పున మెట్ల కింద బట్టలబుట్ట పెట్టి ఆఫీసు సంచీ కోసం పైకి వెళ్ళింది. రాత్రి అర్థమైన సంగతి బుర్రలోంచి చేతులదాకా ఇంకా దిగినట్టు లేదు. పెద్దకోడలు బుట్ట దగ్గర నిలబడింది. కోపం వస్తుందేమో అని చూసుకుంది. రాలేదు. అసూయ కోసం కూడా వెతుక్కుంది, పన్ను ఊడిన చోట నాలుక వెతికినట్టు. అక్కడ ఏమీ తగల్లేదు.

బుట్టని ఎత్తుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వాళ్ళ గుమ్మం ముందు దించింది. తాళంచెవి కొంగునుంచి విప్పి బట్టల మీద పెట్టింది. దాని పక్కనే ఆ తెల్లడబ్బాని కూడా పెట్టింది. తలుపు తీసిన చిన్నకోడలు బుట్టనీ ఆమెనీ మార్చి మార్చి చూసింది.

"ఇన్నాళ్ళూ పనంతా చేసింది ఇదేగా అమ్మా," అంది పెద్దకోడలు, ఏ వెటకారమూ లేకుండా. "ఇకమీద కూడా దీన్నే చేయమను."

కిందికి వచ్చి వెనకగది తలుపు వేసుకుంది. ఆదివారం వస్తానన్నవాడి మాట రాత్రినుంచీ భర్త మళ్ళీ ఎత్తలేదు. సగం కుట్టిన చొక్కాని సూది కిందికి జరిపి, మోటారు స్విచ్చి వేసింది.